మీకిక్కడేం పని?

హైదరాబాద్‌లో ఏ పార్కయినా పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు. ఆ ఊరివాళ్లకీ ఈ ఊరివాళ్లకీ ముఖపరిచయం కూడా ఉండదు. పొద్దున్నే వచ్చేవాళ్లది ఆరోగ్య జాతి. వాళ్లకి బూట్లుంటాయి, అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాలుంటాయి, వాకర్స్ అసోసియేషన్లుంటాయి. ఆ అసోసియేషన్లకి అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు ఉంటారు. కొత్త సంవత్సరానికి వాళ్లందరి ఫొటోలతో గేటు పక్కన ఫ్లెక్సీ ఉంటుంది. నవ్వడానికి కూడా వాళ్లకో టైముంది. ఆరుంపావుకి గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, జోకేమీ లేకుండానే విరగబడి నవ్వేసి, ఆరున్నరకల్లా ఎవరి మామూలు మొహం వాళ్లు పెట్టుకుని ఇళ్లకి వెళ్లిపోతారు. ఇక సాయంత్రం అయిదు దాటితే పిల్లల రాజ్యం. ఊయల దగ్గర లైను, జారుడుబల్ల దగ్గర ఏడుపు, ఐస్‌క్రీం దగ్గర ధర్మయుద్ధం.

ఈ రెంటికీ నడుమ, భోజనాల వేళ నుంచి నాలుగున్నర దాకా, పార్కు ఎవరిదీ కాదు. అంటే నాది.

నా పార్కు ఇందిరా పార్కు. చిక్కడపల్లిలో కాపురం కాబట్టి నడిచి వెళ్లిపోవచ్చు. అంతకన్నా గొప్ప కారణం కనిపెట్టే ఓపిక నాకు లేదు. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారంబాగ్, బాగ్‌లింగంపల్లి... ఈ ఊళ్లో తోటలన్నీ ఏనాడో సిటీ బస్సుల బోర్డులెక్కి స్థిరపడిపోయాయి. చెట్లతో సహా నేలమీదే మిగిలిన కొద్దివాటిలో ఇదొకటి.

వెళ్లడం తేలికే. ఇంట్లోంచి బయటపడడమే పని. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి పరిస్థితి మీకు తెలియంది కాదు, మీ ఇంట్లోనూ అదే కాబట్టి. కోడికూర అయిపోతుంది. గిన్నెలు సింకులోకి చేరతాయి. మా ఆయన సోఫాలోకి చేరతాడు. టీవీలో వందసార్లు వేసిన సినిమా నూట ఒకటోసారి వస్తుంటుంది. ఆయన గురక పెడుతున్నాడు కదా అని రిమోట్ మీద వేలు పెడితే, కళ్లు తెరవకుండానే, "చూస్తున్నా" అంటాడు. మా అబ్బాయి తలుపేసుకుని ఫోన్లో ఎవరినో కాల్చి చంపుతుంటాడు. నేను చెప్పులేసుకుంటుంటే మా అత్తయ్య వక్క నములుతూ అడుగుతుంది.

"ఈ ఎండలో ఎక్కడికమ్మా?"

"పార్కుకి అత్తయ్యా."

"ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు."

"మరెందుకూ?"

"ఊరికే."

అత్తయ్య నమలడం ఆపేసి నిద్రపోతున్న కొడుకు వైపు చూస్తుంది. వీళ్లిద్దరికీ ఏమైనా మాటామాటా అయ్యిందా అని ఆ చూపు. గుడికంటే ఎవరూ అడ్డు చెప్పరు. మార్కెట్‌కంటే సంచీ చేతికిచ్చి, కొత్తిమీర మర్చిపోవద్దంటారు. ఆస్పత్రికంటే తోడొస్తారు. ఊరికే పార్కుకంటే మాత్రం ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. పెళ్లయిన ఆడది, నలభై దాటినది, చేతిలో సంచీ లేకుండా, పక్కన పిల్లలు లేకుండా, ఆదివారం పూట ఒక బెంచీ మీద ఖాళీగా కూర్చోవడం అనేది ఈ ఊళ్లో ఇంకా అమల్లోకి రాలేదు.

గేటు దగ్గర టికెట్ కౌంటర్‌లోనూ ఇదే తంతు. "ఎంతమంది?" అంటాడు. "ఒక్కరు" అంటాను. అతను నా భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. వెనక పిల్లలు లేరు, సారు లేరు, టిఫిన్ క్యారియరూ లేదు. "ఒక్కరేనా?" అని మళ్లీ అడుగుతాడు, రెండోసారి అడిగితే ఇంకొకరు పుట్టుకొస్తారేమోనని. టికెట్ ఖరీదు పెద్దదేం కాదు. అనుమానం దాంతోపాటు ఉచితం.

ఈ పార్కు పుట్టుకలోనే ఒక తమాషా ఉంది. 1975 సెప్టెంబరులో దీనికి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. అదే ఏడాది జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి కూడా అదే. అంటే నలుగురు ఒకచోట చేరితే పోలీసు జీపు వచ్చే రోజుల్లో, నలుగురూ చేరి కూర్చోవడానికి 76 ఎకరాల్లో తోట మొదలుపెట్టారన్నమాట. 1978లో జనానికి గేట్లు తెరిచేసరికి ఎమర్జెన్సీ పోయింది, ఆ రాష్ట్రపతి పోయారు, పార్కు ఎవరి పేరు పెట్టుకుందో ఆవిడకి ఢిల్లీలో పదవీ పోయింది. మొక్కలకి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పకపోవడంతో అవి పెరుగుతూ పోయాయి.

ఇంకా పెద్ద తమాషా గోడ అవతల ఉంది. ఎమర్జెన్సీలో పునాది పడిన ఈ పార్కు పక్కనే కదా ధర్నాచౌక్! రాష్ట్రంలో ఎవరికి కడుపు మండినా బ్యానర్ కట్టుకుని వచ్చేది ఇక్కడికే. 2017లో అప్పటి ప్రభుత్వం, చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బందిగా ఉందంటూ, ధర్నాలను ఊరి శివార్లకి పంపేసింది. సంఘాలూ ప్రతిపక్షాలూ ఒప్పుకోలేదు. ఆ మే నెలలో ఇక్కడ ఒకే రోజు రెండు ధర్నాలు జరిగాయి. ధర్నాచౌక్ కావాలని ఒకటి, ధర్నాచౌక్ వద్దని ఇంకొకటి. వద్దనేవాళ్లు కాలనీవాసులమనీ వాకర్లమనీ ప్లకార్డులు పట్టుకుని వచ్చారు. వాళ్లకైనా నిరసన చెప్పుకోవడానికి ఈ రోడ్డు తప్ప ఇంకో చోటు తోచలేదు. ఇద్దరికీ తోపులాట కూడా అయ్యింది. 2018లో హైకోర్టు ధర్నాలకి మళ్లీ దారి తెరిచింది. 2021 నవంబరు వచ్చేసరికి, ధాన్యం కొనాలంటూ కేంద్రం మీద అలిగి, సాక్షాత్తూ ఆ ప్రభుత్వపు ముఖ్యమంత్రి కేసీఆరే తన మంత్రులతో కలిసి ఇక్కడ ధర్నాకి కూర్చున్నారు. ఈ రోడ్డు ఎవరినీ కాదనదు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వచ్చి కూర్చోవాల్సిందే.

ఆదివారాలు ధర్నాలు తక్కువే. కానీ సెలవు పెట్టకుండా నిరసన తెలపదలచిన ఉద్యోగులకి అదొక్కటే వీలైన రోజు. గోడ దాటి, చెట్లు దాటి, నా బెంచీ దగ్గరికొచ్చేసరికి వాళ్ల నినాదంలో మొదటి సగం గాల్లో కలిసిపోతుంది. తోక మాత్రం స్పష్టంగా వినబడుతుంది. "...ఇవ్వాలి! ఇవ్వాలి!" "...రద్దు చెయ్యాలి! చెయ్యాలి!" ఏమివ్వాలో, ఏది రద్దు చెయ్యాలో తెలియదు కాబట్టి ఇవతల ఉన్నవాళ్లం ఎవరికి కావలసింది వాళ్లం ముందు చేర్చుకుంటాం. నేనైతే ఆ వారం మా స్కూల్లో ప్రకటించిన అదనపు క్లాసులు చేర్చుకుంటాను. ఓసారి నా ఎదురుగా పచ్చికలో పడుకున్నాయన, నిద్రలోనే, మూడో నినాదానికి "ఇవ్వాలి" అని గొణిగి అటు తిరిగి పడుకున్నాడు. ఆయనకి ఎవరు ఎంత బాకీ ఉన్నారో పాపం.

పడుకునేవాళ్ల గురించి చెప్పకుండా మధ్యాహ్నపు పార్కు గురించి చెప్పడం కుదరదు. నిద్రగన్నేరు చెట్ల కింద వీళ్లది ఒక శాశ్వత శిబిరం. ఆ చెట్టు ఆకులు పొద్దు వాలగానే ముడుచుకుపోతాయి, మబ్బు పట్టినా ముడుచుకుంటాయి. చెట్టుది రాత్రి డ్యూటీ నిద్ర, కిందివాళ్లది పగటి డ్యూటీ నిద్ర. ఒకరి నిద్రకి ఇంకొకరు అడ్డం రారు. ఈ శిబిరానికీ నియమాలున్నాయి. చెప్పులు తలకింద పెట్టుకోవాలి. లేచి నడిచి వెళ్లాలంటే చెప్పులుండాలి, చెప్పులుండాలంటే తల వాటి మీద ఉండాలి. చెప్పుల మీద పేపరు, పేపరు మీద తల, తల మీద జేబురుమాలు. మొన్న ఒకాయన మొహం మీద ఏకంగా క్లాసిఫైడ్స్ పేజీ కప్పుకున్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా "నాగోలులో రెండు పడకగదుల ఫ్లాటు" పైకి లేచి, మళ్లీ ముక్కు మీద వాలుతోంది.

భోజనాల ఆర్డర్లు తగ్గాక డెలివరీ కుర్రాళ్లు వస్తారు. నగరానికంతా బిరియానీ మోసిన సంచీని దిండుగా పెట్టుకుంటారు. ఫోను గుండెల మీద ఉంటుంది. వాళ్లది నిద్ర కాదు, రెండు ఆర్డర్ల మధ్య కళ్లు మూయడం. ఒక కుర్రాడి చొక్కా జేబులోంచి పల్లీ ఒకటి బయటికి తొంగిచూస్తుండగా ఉడుత ఒకటి కిందికి దిగింది. ముందు అతని మోచేతి దగ్గర ఆగింది. తోక రెండుసార్లు ఝాడించింది. అతను కదల్లేదు. చొక్కా మడత మీద ముందుకాళ్లు పెట్టి, తల జేబులో దూర్చి, పల్లీ పట్టుకుని, అక్కడే అతని ఛాతీ మీదే నిలబడి తొక్క వలిచింది. తొక్క అతని గుండీల మధ్య వేసి, గింజ తిని, రెండోది తీసుకుంది. అప్పుడు ఫోను మోగింది. ఉడుత ఎటు పోయిందో చూసేలోపే కుర్రాడు లేచి, సంచీ భుజానికేసుకుని, చొక్కా మీది తొక్కలు చూసుకుని, నావైపు అనుమానంగా చూశాడు. చుట్టుపక్కల చేతిలో పల్లీలున్నది నాకొక్కదానికే మరి.

ఈ పల్లీలు గేటు బయట ఒక అవ్వ దగ్గర కొంటాను. ఆవిడ ప్రశ్న వేరే ఉంటుంది: "బిడ్డలు రాలేదా?" ఒక్కడేననీ, వాడికి పెద్ద పరీక్షలనీ చెప్తే, "పెద్ద పరీక్షలయితె నువ్వు ఈడ కూసున్నవేంది?" అని కొసరు పల్లీలు వేస్తూ చీవాట్లు పెడుతుంది.

ఇక గార్డుల సంగతి. వాళ్ల చేతిలో కర్ర, నోట్లో విజిల్. పొదల దగ్గర మాత్రం విజిల్ గట్టిగా ఊదుతారు. మన పార్కుల బోర్డులు చదివితే పచ్చిక మీద నడవరాదు, పూలు కోయరాదు, క్రికెట్ ఆడరాదు, బయటి తినుబండారాలు తేరాదు, చెత్త వేయరాదు అని వరసగా ఉంటాయి. అన్నీ తీసేస్తే మిగిలేది కూర్చోవడం ఒక్కటే. తీరా కూర్చుంటే, ఎందుకు కూర్చున్నారని గార్డుకి అనుమానం. 2021 ఆగస్టులో ఇక్కడ పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదంటూ ఒక బ్యానర్ కట్టారు. సోషల్ మీడియాలో దేశం మొత్తం నవ్వి, కోప్పడి, తిట్టాక తీసేశారు. ఆ బ్యానర్ ఎలా అమలు చేద్దామనుకున్నారో నాకిప్పటికీ అంతుపట్టదు. టికెట్ కౌంటర్ దగ్గర మెడ చూపించమంటారా? శుభలేఖ తెమ్మంటారా? పెళ్లి వీడియో ఏ నిమిషం దాకా చూస్తారు, జీలకర్ర బెల్లం దాకానా, అప్పగింతల దాకానా?

పైగా పెళ్లయిన జంటల్ని వాళ్లెప్పుడూ పరిశీలించినట్టు లేదు. మధ్యాహ్నం పూట దూరం నుంచే చెప్పేయొచ్చు. బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర ఆవిడ, నడుమ మంచినీళ్ల సీసా, ఆయన ఫోన్లో ఆయన, ఆవిడ ఫోన్లో ఆవిడ ఉంటే పెళ్లయి పదేళ్లు దాటినట్టు. ఒకే ఫోన్లో ఇద్దరూ తలలు పెట్టి చూస్తుంటే కాలేదు, లేదా అయి నెల రోజులు. పెళ్లయి కూడా జంటగా రాని నాబోటి దాని గురించి ఆ బ్యానర్‌లో ఒక్క ముక్కా లేదు. అంచేత గార్డులు సొంత బుర్ర వాడాల్సి వచ్చింది.

"ఎవరన్న రావాల్నా మేడమ్?" అని మొదట అడిగాడు ఒక గార్డు.

"ఎవరూ లేరు."

అటు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?"

"ఉన్నారు."

ఇంకో చుట్టు. ఈసారి విజిల్ జేబులో పెట్టేసుకున్నాడు. "సారుతోని ఏమన్న లొల్లి అయిందా మేడమ్? ఏదున్నా కూసోని మాట్లాడుకోవాలె."

"కూర్చునే ఉన్నాను కదయ్యా!"

అతను నన్నో దుఃఖభాజనంగా లెక్కకట్టి, ఆ పూటంతా నా బెంచీ చుట్టుపక్కల ఎవరినీ విజిల్ వేసి బెదరగొట్టలేదు. దాంతో నా వెనక పొదల్లో ఒక జంటకి మహా సౌకర్యం కుదిరింది.

ఆ తర్వాత నుంచి ఆన్సర్ పేపర్ల కట్ట ఒకటి వెంట తెచ్చుకుంటున్నాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. కట్టని ఒళ్లో పెట్టుకుని, ఎర్ర పెన్ను మూత తీసి, చేతిలో పట్టుకుంటాను. అంతే, ఎవరూ ఏమీ అడగరు. గార్డు నమస్కారం పెడుతున్నాడు. పక్క బెంచీ ఆవిడ, "పాపం, ఆదివారం కూడా పనేనా" అని జాలిపడుతోంది. ఆడమనిషి చేతిలో కనబడేలా పనొకటి ఉంటే ఈ నగరం ఆవిడని చెట్టుకింద ఎంతసేపైనా వదిలేస్తుంది. పేపర్లు దిద్దుతానా అంటే, గాలికి ఎగరకుండా చూసుకుంటాను.

ఎర్ర పెన్నుకి గార్డులు దూరమయ్యారు గానీ గ్రూప్స్ పిల్లలు దగ్గరయ్యారు. అశోక్‌నగర్ ఇక్కడికి రెండడుగులు. ఆ సందుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టీ బండ్లు తప్ప ఇంకేమీ లేవు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకనివాళ్లు, హాస్టల్ గదిలో గాలాడనివాళ్లు పుస్తకాలు పట్టుకుని చెట్ల కిందికి వస్తారు. ఒక్కో చెట్టు కింద ఒక్కో సబ్జెక్టు. రావిచెట్టు కింద భారత రాజ్యాంగం, వేపచెట్టు కింద తెలంగాణ ఉద్యమ చరిత్ర. కొందరు పార్కు బాట మీద అటూ ఇటూ తిరుగుతూ పైకే వల్లిస్తుంటారు. కొత్తగా చూసినవాళ్లు భయపడతారు. ఓసారి ఒక కుర్రాడు ఆర్టికల్ 19 చెప్పుకుంటూ, అంటే ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు గురించి చెప్పుకుంటూ, ధర్నాచౌక్ వైపు గోడ దాకా వెళ్లి, అవతలి గోల భరించలేక చెవులు మూసుకుని వెనక్కి వచ్చాడు.

ఒక అమ్మాయి నా బెంచీ దగ్గర ఆగింది. "మేడమ్, మీరు మ్యాథ్సా?"

"అవునమ్మా."

"ఒక్క డౌట్ మేడమ్."

ఒక్క డౌట్ అన్నవాళ్ల దగ్గర ఒక్కటి ఎప్పుడూ ఉండదని ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలుసు. అయినా సర్దుకుని చోటిచ్చాను. "కాలం – పని" చాప్టరు. 'ఏ' ఒక పనిని 12 రోజుల్లోనూ, 'బి' అదే పనిని 15 రోజుల్లోనూ చేయగలరు. ఇద్దరూ కలిసి 4 రోజులు చేశాక 'ఏ' వెళ్లిపోతే, మిగిలిన పనిని 'బి' ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తాడు?

ఆన్సర్ పేపరు వెనకవైపు చేసి చూపించాను. ఇద్దరూ కలిస్తే రోజుకి ఇరవయ్యింట మూడొంతులు. నాలుగు రోజులకి అయిదింట మూడొంతులు అయిపోయింది. మిగిలిన రెండొంతులకి 'బి' ఒక్కడికే ఆరు రోజులు పడుతుంది. పిల్ల చకచకా రాసుకుంది. ఈ లెక్క నేను చెప్తూనే ఉన్నాను, ప్రతి బ్యాచీ రాస్తూనే ఉంది, ఏనాడూ ఒక్క విద్యార్థీ అసలు ప్రశ్న అడగలేదు. ఆ 'ఏ' అనేవాడు పని మధ్యలో వదిలేసి ఎక్కడికి వెళ్లాడు? మంచి పనిమంతుడు. 'బి' కన్నా మూడు రోజులు ముందే ముగించగలిగినవాడు. వాడే ప్రతి లెక్కలోనూ వెళ్లిపోతాడు. చేతకాని 'బి' చచ్చినట్టు ఉండిపోయి పూర్తిచేస్తాడు. ఏ పుస్తకమూ చెప్పదు గానీ నాకు తెలుసు. వాడు ఇక్కడికే వస్తాడు. నిద్రగన్నేరు కింద జేబురుమాలు కప్పుకున్నవాళ్లలో ఎవడో ఒకడు వాడే.

ఇంట్లో సింకు దగ్గర 'బి' ఎవరన్నది ఆదివారం మధ్యాహ్నం మేం తేల్చుకోవడం లేదు.

ఆ అమ్మాయి వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక పడవలు-ప్రవాహాలు పట్టుకుని ఒక కుర్రాడు. అందరివీ దూరపు ఊళ్లే, ములుగు, నాగర్‌కర్నూలు, ఆదిలాబాద్. వీళ్లలో పెద్దవాళ్లు 2022లో నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపరు లీకయిందని అది రద్దయింది. 2023లో మళ్లీ రాశారు, దాన్ని కోర్టు రద్దుచేసింది. 2024లో ముచ్చటగా మూడోసారి రాశారు. ఒకే పనిని మూడుసార్లు మొదట్నుంచీ చేస్తే ఎన్ని రోజులు పడుతుందో మా చాప్టరులో లెక్క లేదు. "ఊరికెళ్తే చుట్టాలంతా ఏం చేస్తున్నవ్ ఏం చేస్తున్నవ్ అంటరు మేడమ్. ఈడయితే ఎవరూ అడగరు" అన్నాడు పడవల కుర్రాడు. వాడికి గార్డు ఇంకా తగల్లేదన్నమాట. లేదా వాడి చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుంది కాబట్టి.

పార్కులో మరో వినోదం పంచతత్త్వ బాట. గుండ్రంగా తిరిగే దారిని అరలు అరలుగా విడదీసి, ఒకచోట పెద్ద కంకర, ఒకచోట చిన్న కంకర, తర్వాత గులకరాళ్లు, ఇసుక, చెట్ల బెరడు, నల్లమట్టి, నీళ్లు పరిచారు. చెప్పులు విడిచి వరసగా అన్నిటిమీదా నడిస్తే అరికాళ్లలో నరాలన్నీ మేలుకుని సకల రోగాలూ సర్దుకుంటాయట. పొద్దుటిపూట ఆరోగ్య జాతి దీనిమీద నిబ్బరంగా నడుస్తుందని విన్నాను. మధ్యాహ్నం సంగతి వేరు. మొదటిది, రాళ్లు కాలి ఉంటాయి. రెండోది, వచ్చేది తిన్న బిరియానీ అరక్క సరదా పడేవాళ్లు. ఓ రోజు జనగామ వైపు కుటుంబమొకటి వచ్చింది. సిటీలో ఉద్యోగం చేసే కొడుకు ఊరి నుంచి తల్లిని తెచ్చి అన్నీ చూపిస్తున్నాడు. ముందు తనే దిగాడు. పెద్ద కంకర మీద మొదటి అడుగుకి పళ్లు బిగించాడు, రెండో అడుగుకి పెళ్లాం భుజం పట్టుకున్నాడు, మూడో అడుగుకి కులదైవాన్ని తలుచుకున్నాడు. "మంచిదట అమ్మా, బీపీకి" అన్నాడు, కళ్లలో నీళ్లతో.

ఆ తల్లి చెంగు బొడ్లో దోపుకుని దిగింది. ఏ రాయి మీదా ఆగలేదు. కంకర, గులకరాళ్లు, ఇసుక అన్నీ ఒకే వేగంతో దాటి, నల్లమట్టిలో ఒక్క క్షణం నిలబడి కాలివేళ్లతో మట్టిని నలిపి చూసింది. "ఎరువు వెయ్యలే దీనికి" అంది. నీళ్లలో కాళ్లు కడుక్కుని బయటికొచ్చి, కొడుకింకా చిన్న కంకర దగ్గరే ఉంటే, నా పక్కన కూర్చుంది.

"మా ఊర్ల పొలంకాడికి పోయే తొవ్వంత గిట్లనే ఉంటది బిడ్డా. గప్పుడు చెప్పుల్లేక నడిచినం. గిప్పుడు చెప్పులిడిచి నడవాల్నంట. గా తొవ్వకు పైసల్ పెట్టిండ్రా?"

పెట్టారని చెప్పాను. ఆవిడ చాలాసేపు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జోకు ఉండి నవ్వడమంటే అదీ. నవ్వయ్యాక, ఊరంతా అడిగే ప్రశ్న అడగకుండా, నా చేతిలోంచి పల్లీలు తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఎందుకున్నావని గానీ, పేపర్లేమిటని గానీ అనలేదు. ఇద్దరం కలిసి కొడుకు గులకరాళ్ల దాకా చేరడం చూశాం. బెరడు దగ్గర అతను కాస్త తేరుకున్నాడు.

నాలుగున్నర దాటితే గాలి మారుతుంది. ధర్నావాళ్లు బ్యానర్లు చుట్టేస్తారు. 2023లో తెరిచిన ఉక్కు వంతెన మీద, వీఎస్టీ వైపు, సాయంత్రం ట్రాఫిక్ మోత మొదలవుతుంది. పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, పేపరు దులిపి, తలకింది చెప్పులు కాళ్లకి తొడుక్కుంటారు. ఆరోగ్య జాతిలో పొద్దున లేవలేని శాఖ ఒకటి సాయంత్రం నడకకి దిగుతుంది. వాళ్లు బాట మీద ఎదురుపడితే మనమే తప్పుకోవాలి, వాళ్లు లెక్కలో ఉంటారు.

ఆ శాఖలోంచి ఒకాయన, తెల్ల బూట్లు, మెడలో తువ్వాలు, నా బెంచీ ముందు ఆగి చేతి గడియారం నొక్కి అడుగుల లెక్క ఆపాడు.

"నమస్తే మేడమ్. మీరు లెక్కల టీచరట కదా. మా గార్డు చెప్పాడు."

"అవునండీ."

"మా వాకర్స్ అసోసియేషన్‌కి కోశాధికారి పోస్టు ఖాళీగా ఉంది. పెద్ద పనేం కాదు. చందాలు రాసుకోవడం, ఫ్లెక్సీల బిల్లులు చూసుకోవడం, నెలకో మీటింగు. మీరెట్లాగూ ఆదివారాలు ఇక్కడే ఉంటున్నారు కదా అని..."

బెంచీ మీద కాళ్లు ముడుచుకుని ఉన్నాను. చెప్పులు ఎక్కడో పచ్చికలో ఉన్నాయి. ఒళ్లో పల్లీల తొక్కలు, పక్కన సగం కొరికిన జామకాయ.

"అయ్యో, నాకు క్షణం తీరదండీ" అన్నాను.

ఆయన నా ఒళ్లోకి చూశాడు. తొక్కల కింది ఆన్సర్ పేపర్లు చూశాడు, ఎర్ర పెన్ను చూశాడు. "నిజమే లెండి, టీచర్లకి ఆదివారాలు కూడా ఉండవు" అని నొచ్చుకుని, గడియారం మళ్లీ నొక్కి, ఆగినచోటి నుంచే లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు.